సోఫా పైన మఖ్మల్, లోపల ఏముంది?

మన ఇళ్లలో సోఫాను కూర్చోవడానికి కొనం, షాదీకి కొంటాం. ఆడపిల్ల రిష్తా ఖాయం కాగానే రాసుకునే ఫెహరిస్తులో పలంగ్, అల్మారీ, డ్రెస్సింగ్ టేబుల్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్‌తో పాటు సోఫా సెట్ ఉండి తీరాలి. ట్రాలీ ఆటోలో అది దూల్హా ఇంటికి పోతుంటే మొహల్లా అంతా చూడాలి. అందుకని అది మెరవాలి, వెడల్పుగా ఉండాలి, చేతుల మీద నగిషీ ఉండాలి. లోపల ఏ కట్టె పెట్టారు, ఏ ఫోమ్ వేశారు అని అడిగేవాళ్లే లేరు. రెండు రంజాన్లు దాటేసరికి సీటు మధ్యలో గుంట పడుతుంది, మూడో రంజానుకు తోలు పొలుసుల్లా రాలుతుంది. దాని కోసం అబ్బా చేసిన కర్జా మాత్రం ఇంకా తీరదు.

నేను మూడు మాటలు చెప్పదలచుకున్నాను. ఒకటి, జహేజ్ ఫెహరిస్తులోంచి సోఫాను తీసేయాలి. రెండు, ఇంట్లో మంచి కట్టెతో చేసిన పాత సోఫా ఉంటే దాన్ని మరమ్మతు చేయించుకోవాలి. మూడు, కొత్తది కొనక తప్పకపోతే ముందు లోపల చూడాలి, తర్వాతే పైన చూడాలి. ఇందులో ఫర్నిచర్ సంగతి ఎంత ఉందో దీన్ సంగతీ అంతే ఉంది.

ముందు ఆ లఫ్జు సంగతి. ‘సోఫా’ అనే మాటను అంగ్రేజీవాళ్లు మనకిచ్చారని చాలామంది అనుకుంటారు. అది అరబీలోని ‘సుఫ్ఫా’ నుంచి తుర్కీ మీదుగా యూరప్ పోయి, అక్కడి నుంచి మళ్లీ మన దగ్గరికి వచ్చింది. సుఫ్ఫా అంటే అరుగు, చబూత్రా. మదీనాలో మస్జిదె నబవీలో ఇల్లూ వాకిలీ లేని గరీబు సహాబాలు ఉండిన నీడపట్టు చబూత్రా పేరు కూడా అదే. వాళ్లనే అస్హాబె సుఫ్ఫా అంటాం. హజ్రత్ అబూ హురైరా (రజి) వాళ్లలో ఒకరు. ‘దీవాన్’ కూడా మన మాటే. అది ఫార్సీలో దఫ్తరు, దర్బారు అయి, చివరికి దిండ్లు వేసుకుని కూర్చునే ఆసనం అయింది. అంగ్రేజీ ‘మ్యాట్రెస్’ కూడా అరబీలోని ‘మత్రహ్’ నుంచే వచ్చింది. నేల మీద పరిచి కూర్చునే చోటుకు ఆ పేరు. ఈ మాటలన్నీ మన దస్తర్‌ఖాన్ చుట్టూ తిరిగినవే. గరీబుల చబూత్రా పేరు పెట్టుకున్న వస్తువును గరీబు తండ్రుల మెడకు ఉరి చేసింది మాత్రం మనమే.

జహేజ్ మాట ఎత్తితే కొందరు బుజుర్గులు హజ్రత్ ఫాతిమా (రజి) షాదీని గుర్తు చేస్తారు. సరే, ఆ రివాయత్‌లో ఏముందో చూద్దాం. ఒక దుప్పటి, ఒక నీళ్ల తోలుసంచి, ఇజ్ఖిర్ గడ్డి కూరిన ఒక తోలు దిండు. అంతే. ఇల్లు నడవడానికి తప్పనిసరి అయిన సామాను అది. పైగా హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని మెహర్ కోసం ఇచ్చారని, ఆ సొమ్ముతోనే ఈ సామాను సమకూరిందని చాలామంది ఉలమా చెబుతారు. అంటే ఖర్చు అబ్బాయి వైపుది. దాన్ని దలీలుగా చూపి ఆడపిల్ల తండ్రి దగ్గర సోఫా సెట్ వసూలు చేయడం ఎలాంటి ఇన్సాఫ్? కానూన్ మాటకొస్తే, వరకట్న నిషేధ చట్టం 1961 నుంచే ఉంది. మనకు ఆ చట్టమూ గుర్తుండదు, ఆ రివాయతూ పూర్తిగా గుర్తుండదు.

‘మేం అడగలేదండీ, వాళ్లే ఖుషీగా ఇచ్చారు’ అనే జవాబు నాకు బాగా తెలుసు. ఖుషీగా ఇచ్చే తండ్రి సూద్ మీద డబ్బు తెస్తాడా? వాయిదాల మీద సోఫా తీసుకుని, ఆ వాయిదాలు కట్టడానికి ఇంకొకరి దగ్గర చేయి చాపుతాడా? ఇంకో సంగతి ఉంది. జహేజ్ కోసం కొన్న సోఫా ఎప్పుడూ మంచి సోఫా కాదు. ఒకే బడ్జెట్‌లో పది సామాన్లు సర్దాలి కాబట్టి తండ్రి ప్రతిదాన్నీ చౌకలో చూస్తాడు, పైకి మాత్రం ఘనంగా కనబడాలంటాడు. దుకాణదారుకి ఆ సంగతి తెలుసు. అందుకే ‘షాదీ సెట్’ అని విడిగా పెట్టి అమ్ముతాడు. మెరిసే గుడ్డ, బంగారు రంగు గుండీలు, ఇంత ఎత్తు వీపు. లోపల మాత్రం పళ్ల పెట్టెలకు వాడే కట్టె.

ఇక్కడే నాకు ధాన్యం రాశి హదీసు గుర్తొస్తుంది. బజారులో ఒకతను రాశి పోసుకుని అమ్ముతుంటే రసూలుల్లాహ్ (స) అందులో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వానకు తడిసిందని అతను అన్నాడు. అయితే ఆ తడిసింది జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు, ధోకా చేసేవాడు మనవాడు కాడని హెచ్చరించారు. సోఫా కూడా అలాంటి రాశే. పైన మఖ్మల్, లోపల తడి. కాబట్టి కొనేవాడు చేయి లోపల పెట్టి చూడడం అనుమానం పెట్టుకోవడం కాదు, సున్నత్ మీద నడవడం. అమ్మేవాడు ముస్లిం అయితే తనే అడక్కముందే చూపించాలి.

చేయి ఎక్కడ పెట్టాలో చెబుతాను. మొదట ఢాంచా, అంటే కట్టె ఫ్రేమ్. సోఫా ప్రాణం అందులోనే ఉంటుంది. టేకు, షీషమ్, సాల్, బాగా ఆరిన వేప మంచివి. ‘జంగిల్ వుడ్’ అని బిల్లు మీద రాస్తే అది ఏ చెట్టు పేరూ కాదని గుర్తుంచుకోండి, ఏ చెట్టో అడగండి. చెక్కపొట్టు అదిమి చేసిన పార్టికల్ బోర్డుకు నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, మేకు పట్టు వదిలేస్తుంది. సోఫాను తిరగేసి అడుగున ఉన్న నల్ల గుడ్డకు నాలుగు పిన్నులు ఊడదీయమనండి. మూలల్లో ముక్కోణం చెక్కలు బిగించి జిగురు పెట్టి స్క్రూలు వేశారా, లేక వట్టి పిన్నులు కొట్టి వదిలేశారా చూడండి. కట్టెకు బెరడు అంటుకుని ఉంటే చెదలను మనమే దావత్‌కు పిలిచినట్టు. దుకాణదారు పిన్నులు తీయనంటే సలాం చెప్పి బయటికి వచ్చేయండి.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. మూడు సీట్ల సోఫాకు ముందు కాలు ఒకటి పట్టుకుని జానెడు పైకి ఎత్తండి. దాంతో పాటు రెండో ముందు కాలు కూడా నేల విడిచి లేస్తే ఢాంచా బిగువుగా ఉంది. అది నేలకే అంటుకుని ఉండి సోఫా మెలి తిరిగిందంటే ఏడాదిలో కిర్రుకిర్రుమంటుంది.

రెండోది సీటు కింద పట్టు. కొన్నింటికి వంకరటింకర జిగ్‌జాగ్ స్ప్రింగులు ఉంటాయి, కొన్నింటికి రబ్బరు బెల్టులు. రెండూ పనికొస్తాయి, కానీ దగ్గర దగ్గరగా వేయాలి. బెల్టులైతే అడ్డంగానూ నిలువుగానూ, నవారు మంచం అల్లినట్టు ఒకదాని కిందుగా ఒకటి పోవాలి. అడ్డంగా మాత్రమే నాలుగు లాగి వదిలేస్తే పిల్లలు రెండుసార్లు గెంతేసరికి సాగిపోతాయి.

మూడోది ఫోమ్. అసలు మోసం ఎక్కువగా జరిగేది ఇక్కడే. ‘32 డెన్సిటీ’, ‘40 డెన్సిటీ’ అని దుకాణాల్లో చెబుతారు. దాని అర్థం ఒక ఘనపు మీటరు ఫోమ్ అన్ని కిలోలు తూగుతుందని. మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. వేలితో నొక్కి చూస్తే మెత్తదనం తెలుస్తుంది, మన్నిక తెలియదు. మన్నిక తెలియాలంటే తరాజు కావాలి. 22 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న సీటు ఫోమ్ తీసుకోండి. అది నిజంగా 32 డెన్సిటీ అయితే సుమారు 1,270 గ్రాములు తూగాలి. 40 అయితే సుమారు 1,590 గ్రాములు. 900 గ్రాములే తూగితే అది 23 డెన్సిటీ దరిదాపుల్లో ఉంది, మీరు కట్టిన డబ్బులో మిగతాది ఎవరి జేబులోకో పోయింది. తూకంలో తక్కువ ఇచ్చేవాళ్ల మీద ఖురాన్‌లో ఒక సూరా ఉంది, సూరె ముతఫ్ఫిఫీన్. మనం దాన్ని బియ్యం కొట్టుకు, మాంసం దుకాణానికి వర్తింపజేస్తాం. ఫోముకూ వర్తిస్తుంది. రోజూ కూర్చునే సీటుకు 32కు తగ్గొద్దు, కుదిరితే 40 వేయించండి. వీపుకు అంతకంటే తేలికైనది సరిపోతుంది, దానికి ఎక్కువ పెట్టనక్కర్లేదు.

నాలుగోది పైన గుడ్డ. మనవాళ్లు ముందు చూసేది ఇదే, నిజానికి చివర చూడాల్సింది. తోలులా కనిపించే లెదరైట్, రెక్జిన్ అంటే మనకు మోజు, తుడిస్తే పోతుందని. చౌక రకం మన ఉక్కపోతకు, చెమటకు, తల నూనెకు మూడు నాలుగేళ్లలో పగిలి పొలుసులు రాలుతుంది, ఒకసారి రాలడం మొదలైతే దానికి ఇలాజ్ లేదు. అసలు తోలు కావాలంటే ఏ జంతువుదో అడగండి. దబాగత్ చేసిన తోలు పాక్ అవుతుందని హదీసు ఉంది, కానీ ఖింజీర్ తోలు అలా కాదని దాదాపు ఉలమా అందరి మాట. గేదె తోలు, ఆవు తోలు అని దుకాణదారు బిల్లు మీద రాసిస్తే మన దిల్‌కు ఇత్మినాన్.

చిన్నపిల్లలున్న ఇంట్లో నా ఓటు మాత్రం నేత గుడ్డకే, అదీ జిప్పు పెట్టిన కవర్లకే. పసివాడు తడిపితే బిగించి కుట్టేసిన సోఫాను పాక్ చేయడం ఎంత కష్టమో ప్రతి అమ్మీకీ తెలుసు. కవరు ఊడదీసి కడిగి ఆరేసుకునేలా ఉంటే నమాజీలున్న ఇంట్లో ఎవరికీ పరేషానీ ఉండదు. గుడ్డ ఎంత రాపిడికి తట్టుకుంటుందో లెక్క చెప్పే ‘మార్టిండేల్’ అనే సంఖ్యను మంచి కంపెనీలు గుడ్డ నమూనా పుస్తకంలో వెనకవైపు రాస్తాయి. ఇంటి వాడకానికి 20,000 దాటింది చూసుకుంటే చాలు.

ఎత్తు కూడా చూడండి. నేలకు దగ్గరగా, లోతుగా ఉన్న సోఫాలు ఫోటోల్లో బాగుంటాయి. మోకాళ్ల నొప్పులున్న దాదీమా అందులో కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావాలి. సీటు 17, 18 అంగుళాల ఎత్తుంటే పెద్దలకు రాహత్.

ఇప్పుడు మరమ్మతు సంగతి. ‘పాత సోఫాకు ఖర్చు పెట్టే బదులు కొత్తది కొనొచ్చు కదా’ అంటారు. లెక్క వేద్దాం. 30,000 పెట్టి కొన్న షాదీ సెట్ మూడేళ్లకు పాడైందనుకోండి, ఏడాదికి 10,000 పడింది. అబ్బాజాన్ కాలం నాటి టేకు సోఫాకు కొత్త ఫోమ్, కొత్త గుడ్డ, మజ్‌దూరీ కలిపి 20,000 అయ్యి అది పదేళ్లు నిలిస్తే ఏడాదికి 2,000. ఏది చౌక? ఇంట్లో మంచి కట్టె ఉండగా దాన్ని పాత సామాను వాడికిచ్చి, బయటి నుంచి పుచ్చుకట్టె తెచ్చుకోవడాన్నే ఇస్రాఫ్ అంటారు. నాంపల్లిలో కొత్త ఫర్నిచర్ దుకాణాల ముందు నిలబడేముందు ఒకసారి జుమ్మేరాత్ బజారుకు పోయి చూడండి. మనం పారేసిన పాత టేకు కుర్చీలను, దీవాన్లను తెలిసినవాళ్లు వెతికి వెతికి కొనుక్కుపోతుంటారు.

అన్ని సోఫాలూ మరమ్మతుకు తగినవి కావు, ఆ మాటా సాఫ్‌గా చెప్పాలి. చెదలు పట్టినది, పార్టికల్ బోర్డుతో చేసినది, కాళ్ల దగ్గర చీలినది అయితే దాని మీద పెట్టే ప్రతి రూపాయీ ఫుజూలే. ఢాంచా మజ్బూత్‌గా ఉంటేనే చేయించండి. చేయించేటప్పుడు గుడ్డ మీరే కొనండి. మూడు సీట్ల సోఫాకు 54 అంగుళాల వెడల్పు గుడ్డ సుమారు 8 నుంచి 10 మీటర్లు పడుతుంది, గళ్లు, పూలు కలపాల్సి వస్తే ఇంకొంచెం ఎక్కువ. మిగిలిన ముక్కలు అడిగి తీసుకోండి, చేతుల దగ్గర ముందుగా అరిగినప్పుడు పనికొస్తాయి. పాత గుడ్డ విప్పేటప్పుడు దగ్గరుండండి. ముందు కట్టె జాయింట్లు బిగించాలి, తర్వాత బెల్టులు, తర్వాత ఫోమ్, చివర గుడ్డ. పాత ఫోమ్ మీదే కొత్త గుడ్డ కుట్టి ఇవ్వడం మరమ్మతు కాదు, మేకప్.

మరమ్మతు అంటే కొందరికి నామోషీ. మెహమాన్లు ఏమనుకుంటారో అని. నబీ (స) తన జోళ్లు తానే కుట్టుకునేవారని, బట్టలకు మాసికలు తానే వేసుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ఆయన పరుపు ఖర్జూరపు పీచు కూరిన తోలు పరుపు. మనం ఆయన ఉమ్మతులం, పాత సోఫాకు సిగ్గుపడుతున్నాం.

అసలు మరమ్మతు మన తెలుగు ముసల్మానుల సొంత హునర్. దూదేకుల బిరాదరీ, నూర్బాషీలు తరతరాలుగా చేసింది అదే కదా. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, గడ్డకట్టిన పాత పరుపు విప్పి, దూదిని మళ్లీ ఏకి, పూల రేకుల్లా చేసి, మళ్లీ అదే గుడ్డలోనో కొత్త గుడ్డలోనో కూరి కుట్టి ఇచ్చేవాళ్లు. ఒకే దూది తల్లి పరుపులోంచి కూతురి పరుపులోకి పోయేది. ఫోమ్ పరుపులు వచ్చాక ఆ విల్లు మూలన పడింది, చాలామంది వేరే పనుల్లోకి పోయారు. అదే హునర్ ఇవాళ కుషన్ వర్క్స్ దుకాణాల్లో సుత్తి, స్టేప్లర్ గన్, కుట్టుమిషను పట్టుకుని మిగిలి ఉంది. ఆ దుకాణాల్లో మన పిల్లలు ఎంతమంది షాగిర్దులుగా ఉన్నారో చూడండి. నగిషీ చెక్కే సహారన్‌పూర్ కారీగర్లలోనూ మనవాళ్లు చాలామంది. జహేజ్ సోఫా కొన్నప్పుడు ఆ డబ్బు షోరూముకు పోతుంది. మరమ్మతు చేయించినప్పుడు అందులో మజ్‌దూరీ భాగం నేరుగా ఒక ఉస్తాద్ ఇంటి చూల్హాకు పోతుంది.

ఆ ఉస్తాద్‌లతో కూడా రెండు మాటలు. భాయ్, మీ పని చూసి మనసు నిండుతుంది, మీ వాదా చూసి భయమేస్తుంది. ‘జుమ్మా దాకా ఇచ్చేస్తా’ అని అడ్వాన్స్ తీసుకుని నాలుగు జుమ్మాలు తిప్పితే గిరాకీ షోరూముకు పోక ఏం చేస్తాడు? తేదీ చెప్పే ముందు ఆలోచించి చెప్పండి, ఫోమ్ బిల్లు చూపించండి, తరాజు దుకాణంలో మీరే పెట్టుకోండి. దియానత్‌దార్ అని పేరొస్తే బోర్డు అక్కర్లేదు. గిరాకీలతో కూడా ఒక మాట. షోరూములో రాసిన ధరకు మారు మాట్లాడకుండా కార్డు గీకి, కుషన్ పనివాడి దగ్గర ఐదొందల కోసం గంట బేరమాడకండి. కూలివాడి చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్నారు మన నబీ (స). పని అయ్యాక ‘ఈద్ తర్వాత ఇస్తా’ అనడం ఆ మాటకు పూర్తిగా ఉల్టా.

చివరగా హాలు సంగతి. మన ఇళ్లు చాలావరకు రెండు కమ్రాలవి. ముందు గదిలో మూడూ రెండూ ఒకటీ అని సోఫాలు నింపేస్తే దస్తర్‌ఖాన్ పరచడానికి చోటుండదు. ఖురాన్‌ఖానీకి పదిమంది ఆడవాళ్లు వస్తే సోఫాల సందుల్లో ముడుచుకు కూర్చోవాలి. ఇంట్లో జమాత్ చేయాలంటే టీపాయ్ మోసుకెళ్లి బయట పెట్టాలి. పడక, దుప్పట్ల గురించి చెబుతూ నబీ (స) ఒకటి మగవాడికి, ఒకటి భార్యకు, ఒకటి మెహమానుకు, నాలుగోది షైతానుకు అన్నారని హదీసు ఉంది. ఎన్ని సీట్లు మనకు, ఎన్ని మెహమాన్లకు, ఎన్ని దిఖావాకు అని లెక్కపెట్టుకుంటే చాలా ఇళ్లలో హాలు సగం ఖాళీ అవుతుంది. ఒక మంచి మూడు సీట్ల సోఫా, పక్కన ఒక తఖ్త్, గోడ వారగా రెండు గావ్ తకియాలు. మిగతాది ఫరష్. నా నజర్‌లో అది నిండు దీవాన్‌ఖానా.

కొడుకులున్న తల్లిదండ్రులకు నా గుజారిష్ ఇదే. ఈసారి రిష్తా మాటల్లో వాళ్లు ఫెహరిస్తు అడగకముందే మీరే నోరు తెరిచి ‘మా ఇంట్లో సోఫా ఉంది, మీరు తేవద్దు’ అనండి. మీ సోఫా పాతదైతే షాదీకి ముందు మీ డబ్బుతో గుడ్డ మార్పించండి. కొత్త కోడలు అందులో కూర్చున్నప్పుడు తన అబ్బా కర్జా గుర్తుకు రాకూడదు. ఆ సోఫాకు అంతకంటే మంచి ఫోమ్ ఏ దుకాణంలోనూ దొరకదు.